హైదరాబాద్ ఆటోనగర్‌లో మా పాత మాసీ 1035 ట్రాక్టర్‌కి డబుల్ క్లచ్ పని: ఐదుకు నాలుగు

క్లచ్ పని చేసే షెడ్డుకు నేను మార్కులు వేసేది బండి విప్పాక కాదు, విప్పకముందే. రాగానే పానాల డబ్బా తెరిచేవాడంటే నాకు అనుమానం. ముందు పెడల్ మీద చెయ్యి పెట్టి, అది ఎంత ఖాళీగా ఆడుతోందో చూసేవాడైతే ఇక నిశ్చింతగా కూర్చుంటాను. సర్వీసంతా ఆర్టీసీ డిపో గ్యారేజీలో బస్సుల కింద గడిచింది. రిటైరైనా ఆ చాదస్తం పోలేదు. మోకాళ్లే సహకరించడం లేదు, లేకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేవాణ్నే కాదు.

బండి మా నాన్న కొన్నది. టాఫే కంపెనీ వాళ్ల మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్, సింప్సన్ ఇంజన్, డబుల్ క్లచ్. మా ఊరు అబ్దుల్లాపూర్‌మెట్ దాటి లోపలికి పోవాలి. కొద్దిపాటి మామిడి తోట, దాని పక్కన ఇంకొంచెం చెలక. ఆ మాత్రం వ్యవసాయానికి కొత్త బండి ఎందుకని నేనంటాను, ఇనుప సామాను కొట్టుకు వేసెయ్యి మామా అని మా మేనల్లుడంటాడు. తోటకు మందు కొట్టే ట్యాంకు దీని పీటీవో (ఇంజన్ బలాన్ని వెనక తగిలించిన పనిముట్టుకు అందించే షాఫ్టు) మీదే నడుస్తుంది, పెంటకు, కాయకు ట్రాలీ కూడా ఇదే లాగుతుంది. ఈ మధ్య ట్రాలీ తగిలించి చిన్న ఎత్తు ఎక్కాలన్నా ఇంజన్ అరుస్తోంది తప్ప చక్రం కదలడం లేదు. పైగా కాలిన వాసన. క్లచ్ జారుతోందని చెప్పడానికి నేనే అక్కర్లేదు, మా జీతగాడే చెప్పాడు.

డబుల్ క్లచ్ బండి కాబట్టే ఊళ్లో విప్పించలేదు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. 1946లో వచ్చిన పాత ఫెర్గూసన్ టీఈ20లో ఒకటే క్లచ్. పెడల్ తొక్కితే చక్రాలతో పాటు పీటీవో కూడా ఆగిపోయేది. చెట్టు దగ్గర ఆగి మందు కొట్టాలన్నా, వరుస చివర గేరు మార్చాలన్నా పంపు ఆగినట్టే. ఆ తర్వాతి 35 సిరీస్‌లో ఇచ్చిన డబుల్ క్లచ్‌తో ఆ తిప్పలు పోయాయి. సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పీటీవో తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే రెండూ ఆగుతాయి. టాఫే 1960లో మద్రాసులో మొదలైంది. మన పల్లెల్లో తిరుగుతున్న 1035లకు ఆ 35 పోలికలే. ఒకే పెడల్ రెండు ప్లేట్లను వేర్వేరు లోతుల్లో వదలాలి కాబట్టి సింగిల్ క్లచ్ అలవాటున్న చెయ్యి ఇక్కడ తడబడుతుంది.

షెడ్డు విజయవాడ రోడ్డు మీది ఆటోనగర్‌లో ఉంది. వనస్థలిపురం దాటాక జింకల పార్కు గోడ వెంట వస్తూ లోపలి గల్లీల్లోకి తిరగాలి. ముందంతా లారీల బాడీలు కట్టేవాళ్లు, కమాన్‌పట్టీల వాళ్లు. ట్రాక్టర్ల షెడ్డు లోపలెక్కడో. బోర్డు లేదు. నడిపే ఆయన్ను అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు, పేరు రాయొద్దని ఆయనే అన్నాడు. నిండా పని ఉందట, ఇంకా మంది వస్తే చెయ్యలేడట. ఆటోనగర్‌లో ట్రాక్టర్ క్లచ్ ఉస్తాద్ ఎక్కడ అని ఏ టైర్ల షాపులో అడిగినా వేలు చూపిస్తారు. బండిని మా జీతగాడు తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ట్రాలీ లేకుండా నడుపుకొచ్చాడు. నేను వెనక బస్సులో వచ్చాను.

ఉస్తాద్ నేలమీద కూర్చుని పెడల్‌ను బొటనవేలితో నొక్కాడు. రెండోసారి నొక్కి నా వైపు చూశాడు.

"ప్లే అసలే లేదు కాకా. ఎవరు చేసిండ్రు ఇట్ల?"

మా ఊరి ఫిట్టరు. క్లచ్ జారుతోందంటే బిగించాలి అనుకున్నాడు. బ్రేకులు పట్టకపోతే బిగిస్తాం కదా, అదే లెక్క ఇక్కడా వేశాడు. కానీ క్లచ్ లెక్క తిరగబడి ఉంటుంది. బ్రేకు అరిగేకొద్దీ పెడల్‌లో ఖాళీ పెరుగుతుంది. క్లచ్ అరిగేకొద్దీ ఖాళీ తగ్గుతుంది. ప్లేటు పలచబడితే, దాన్ని ఫ్లైవీల్‌కు (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రానికి) అదిమి పట్టే ప్రెషర్ ప్లేట్ ఆ ఫ్లైవీల్ వైపు ముందుకు జరుగుతుంది, దాంతో ఫింగర్ల (క్లచ్‌ను వదిలించే చిన్న మీటల) లోపలి కొనలు వెనక్కి, పెడల్ తొక్కితే వాటిని నొక్కే రిలీజ్ బేరింగ్ మీదికి వస్తాయి. ఆ కొనలకూ బేరింగ్‌కూ మధ్య ఉండాల్సిన సందే మన కాలికి పెడల్ ప్లేగా తెలుస్తుంది. ఆ సందు పోయిందంటే మనం కాలు పెట్టకపోయినా క్లచ్‌ను ఎవరో కొద్దిగా తొక్కి పట్టినట్టే. ప్లేటు జారుతుంది, కాలుతుంది, ఇంకా పలచబడుతుంది. బేరింగ్ పొద్దస్తమానం తిరిగి అది కూడా పోతుంది. అలాంటి బండికి ఇంకా బిగించడం అంటే జ్వరం వచ్చినవాడికి గొంగడి కప్పి ఎండలో కూర్చోబెట్టడమే.

పెడల్ సెట్టింగ్ బోల్టు వదులు చేసి, దాదాపు అంగుళం ప్లే ఇచ్చి బిగించాడు ఉస్తాద్. టేపు పెట్టి కొలిచాడు, కంటి అంచనాతో సరిపెట్టలేదు. తర్వాత బ్రేకులు లాక్ చేసి, పై గేరులో వేసి, ఇంజన్ కొంచెం పెంచి, పెడల్ మెల్లగా వదిలాడు. క్లచ్ బాగుంటే అక్కడ ఇంజన్ మూలిగి ఆగిపోవాలి. మాది ఆగలేదు. మొండిగా తిరుగుతూనే ఉంది. ఒక్కసారి చేసి ఆపేశాడు. ఈ పరీక్ష పదేపదే చేస్తే ప్లేటు మీద మిగిలిన లైనింగ్ (రాపిడి పొర) కూడా అక్కడే కాలిపోతుంది, ఆ సంగతి తెలిసిన చెయ్యి అది.

ఇంతవరకూ ఒక్క బోల్టు విప్పలేదు. ఆ తర్వాత బండి కింద దూరాడు. క్లచ్ చుట్టూ ఉండే డొప్ప, అంటే బెల్ హౌసింగ్ అడుగున చిన్న చిల్లు, అందులో కాటర్ పిన్ ఉంటుంది. లోపల నూనె చేరితే అక్కణ్నుంచి చుక్క చుక్కగా కారిపోవడానికి ఆ ఏర్పాటు. చాలామంది ఊడిపోయిన పిన్ స్థానంలో బోల్టు బిగించి చిల్లు మూసేస్తారు, నూనె లోపలే నిండి ప్లేట్లకు అంటుతుంది. మా దానికి పిన్ ఉంది, దాని కొసన నల్లటి చుక్క. ఉస్తాద్ వేలికి తీసుకుని రుద్ది, వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టాడు. గేరాయిల్ అయితే ఘాటు తెలుస్తుంది, చిక్కగా ఉంటుంది. ఇది పలచగా, మసి నలుపు. ఇంజన్ ఆయిలే. అంటే క్రాంక్ షాఫ్ట్ (ఇంజన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు) వెనక సీల్ కారుతోంది. ప్లేటొక్కటి మార్చి పంపిస్తే కొత్త ప్లేటు కూడా నూనె తాగుతుంది.

"ఇప్పుడు విప్పుదమా కాకా?" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను నాలుగు మార్కుల్లో రెండు ఇచ్చేశాను.

విప్పడం అంటే ట్రాక్టర్‌ను నడుమ సగానికి తెంపడం. ఇంజన్ ఒక ముక్క, గేర్‌బాక్సు, వెనక చక్రాలు ఒక ముక్క. ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ మీద ఊగుతుంటుంది కాబట్టి వెనక ఆధారం తీసేశాక ఇంజన్ పక్కకు ఒరిగిపోతుంది. ఒరగకుండా ఇరుసుకూ దాని పై బ్రాకెట్‌కూ మధ్య రెండు వైపులా చెక్క చీలలు కొట్టాలి. నేను చెప్పేలోపే కుర్రాళ్లు చీలలు తెచ్చారు. కింద జాకీలు, దుంగలు, పైన చైన్ పుల్లీ. వెనక భాగాన్ని చక్రాల మీదే వెనక్కి దొర్లించారు. షెడ్డు నేల సిమెంటు, చదునుగా ఉంది. చాలా షెడ్లలో మట్టి నేల మీద ఈ పని చేస్తారు, మళ్లీ కలిపేటప్పుడు షాఫ్టులు వరసకు రాక సుత్తెలతో కొడతారు.

డబుల్ క్లచ్ సెట్టును ఫ్లైవీల్ నుంచి తీసి, బల్ల మీద విప్పేముందు పొడవాటి బోల్టులతో బిగించి పట్టారు. లోపల స్ప్రింగులు నొక్కుకుని ఉంటాయి. ఆ బోల్టుల్ని తలా కొంచెం తిప్పుతూ సమానంగా వదలాలి. తొందరపడితే స్ప్రింగు మొహానికి కొడుతుంది.

లోపల చూస్తే, చక్రాల ప్లేటు రివెట్ల తలలు దాదాపు బయటపడ్డాయి, లైనింగ్ నూనె తాగి నిగనిగలాడుతోంది. పీటీవో ప్లేటు అంత పాడు కాలేదు. ఫ్లైవీల్ మొహం మీద వేడికి వచ్చిన నీలం మచ్చలు. వేలుతో తడిమితే పగుళ్లు తగల్లేదు, లేత్ మీద పలచగా ఒక కోత చాలన్నాడు. ఫ్లైవీల్ నడిమధ్యన ఉండే పైలట్ బేరింగ్ గరగరమంటోంది. ప్లేట్లకు పాత లైనింగ్ తీయించి కొత్త లైనింగ్ రివెట్లతో వేయించనా, ప్లేట్లే కొత్తవి తేనా అని అడిగాడు. ఒక్కో ప్లేటు బొడ్డులోని పళ్లను షాఫ్టు మీద పెట్టి ఊపి చూపించాడు. చక్రాల ప్లేటు లొడలొడలాడింది, పీటీవోది గట్టిగా కూర్చుంది. మొదటిది కొత్తది, రెండోదానికి కొత్త లైనింగ్ అనుకున్నాం. కమీషన్ కోసం రెండూ మార్పించే షాపులు నాకు తెలుసు. పక్క గల్లీలోనే ఉన్నాయి.

సీల్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఈ రిపేరంతా దాని మీదే నిలబడింది కాబట్టి. మా సింప్సన్ ఇంజన్ పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజన్ల వంశానిది. మా దాంట్లో వెనక సీల్ ఇప్పటి రబ్బరు రింగులాంటిది కాదు, తాడు. రెండు అర్ధచంద్రాల ఇనుప ముక్కల గాడిలో ఆ తాడును కూర్చి, క్రాంక్ షాఫ్ట్ చుట్టూ బిగిస్తారు. తాడును గాడిలో వేలితో నొక్కి, చివర బ్లేడుతో సమంగా కోసేసే మెకానిక్‌లే ఎక్కువ. అట్లా చేస్తే రెండు ముక్కలు కలిసే చోట సందు మిగులుతుంది, నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. ఉస్తాద్ తాడును నూనెలో నానబెట్టి, నున్నటి కడ్డీతో గాడిలో దొర్లిస్తూ కూర్చి, కొసలు ఇసుమంత బయటికి వదిలాడు. బిగించినప్పుడు ఆ కొసలే ఒకదానికొకటి నొక్కుకుని సందు మూస్తాయి. క్రాంక్‌ను చేత్తో తిప్పి, మరీ బిగుసుకుపోలేదని చూసుకున్నాకే ఫ్లైవీల్ ఎక్కించాడు.

ఇక నాకు నచ్చనిది. బెల్ హౌసింగ్ శుభ్రం చేయమంటే ఒక పిల్లగాడు కంప్రెషర్ గొట్టం పట్టుకుని ఊదబోయాడు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు, దాని దెబ్బ ఎన్నో ఏళ్ల తర్వాత తెలుస్తుంది. ఈ బండిలో ఏ కాలం లైనింగ్ ఉందో ఎవరికి తెలుసు? ఆపించి, తడిగుడ్డతో తుడవమన్నాను. తుడిచారు. కానీ నేను లేని రోజున మళ్లీ ఊదుతారు. మూతికి గుడ్డ కూడా కట్టుకోరు. ఉస్తాద్‌కు మెత్తగానే చెప్పాను, తలూపాడు. పని ఇంత బాగా తెలిసినవాడు ఆ పిల్లల గురించి ఇంకొంచెం ఆలోచించాలి. కోసిన ఒక మార్కు దీనికే.

కుర్చీ లేకపోవడం, నీళ్లు బయట కొనుక్కోవాల్సి రావడం, చెప్పిన రోజుకు బండి ఇవ్వకపోవడం ఆటోనగర్‌లో మామూలే. ఆలస్యానికి కారణమైతే ఉంది, పైలట్ బేరింగ్ అక్కడ దొరికింది నచ్చక సికింద్రాబాద్ రాణీగంజ్ మార్కెట్‌కు మనిషిని పంపించాడు. డబ్బాలో ఏ కంపెనీ పేరున్నా చేత్తో తిప్పి చూడందే ఆయన తీసుకోడు.

ఇక అసలు పని, బిగింపు. రెండు ప్లేట్లకు రెండు షాఫ్టులు, ఒకదాని లోంచి ఒకటి వస్తాయి. ఎక్కించేటప్పుడు రెండు ప్లేట్ల నడిమధ్యలూ, పైలట్ బేరింగూ ఒకే గీత మీదికి రావాలి. దానికి పాత షాఫ్టునే లేత్ మీద తిప్పించి కొలకడ్డీ చేసిపెట్టుకున్నాడు. అది దూర్చి, కవరు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాడు. తర్వాత ఫింగర్ల ఎత్తు. మూడు కొనలూ బేరింగ్‌కు ఒకేసారి తగలాలి. ఒకటి ఎత్తుగా ఉంటే ముందు అదే ఒత్తుతుంది, ప్లేటు వంకరగా వదులుతుంది, క్లచ్ పట్టేటప్పుడు బండి గజగజ వణుకుతుంది. చాలామంది వణుకు చూసి ప్లేటు బాలేదంటారు. ఇనుప పట్టీ కోసి చేసుకున్న గేజ్‌తో మూడింటినీ ఒకటికి రెండుసార్లు చూశాడు. అక్కడ నేను నోరెత్తలేదు. చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

రెండు ముక్కలూ కలిపాక పీటీవో సెట్టింగ్. బెల్ హౌసింగ్‌కు కిటికీలాంటి మూత ఉంటుంది. అది తీసి, ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ ఉంటే లాక్ నట్లున్న మూడు సెట్టింగ్ బోల్టులు ఒకదాని వెనక ఒకటి కిటికీలోకి వస్తాయి. పెడల్ తొక్కినప్పుడు ముందు చక్రాల ప్లేటు వదులుతుంది. ఇంకా తొక్కితే ఆ బోల్టుల దగ్గరున్న సందు పూడి, అప్పుడు పీటీవో ప్లేటు వదులుతుంది. సందు తక్కువైతే సగం పెడల్‌కే మందు పంపు ఆగిపోతుంది. ఎక్కువైతే పెడల్ నేలకు తగిలినా పీటీవో ఆగదు, తగిలించేటప్పుడు, విప్పేటప్పుడు చేతులు పోతాయి. మా బండి పుస్తకం చూసుకుని, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులతో) రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కల పెట్టాడు. మూడింటికీ సమానంగా వచ్చాక లాక్ నట్లు బిగించి, బిగించాక మళ్లీ కొలిచాడు. లాక్ నట్టు బిగించేటప్పుడు బోల్టు కూడా రవ్వంత తిరుగుతుంది, అందుకని ఆ రెండో కొలత. మీ బండి పుస్తకంలో ఏ అంకె ఉందో అదే పెట్టించండి, నా అంకె పట్టుకుపోకండి. ఈ సెట్టింగ్‌కు మాత్రం బండి తెంపనక్కర్లేదు. ప్లేట్లు మంచివై, పీటీవో ఒక్కటే పేచీ పెడుతుంటే కిటికీ తెరిచి సరిచేయమని అడగండి. ఏకంగా స్ప్లిట్ చేయాలన్నవాడికి దండం పెట్టి వచ్చేయండి.

మళ్లీ అదే పరీక్ష. పై గేరు, బ్రేకులు, పెడల్ వదిలాడు. ఇంజన్ ఠక్కున ఆగింది. మా జీతగాడు చప్పట్లు కొట్టాడు.

మజూరీ రూ.7,500 తీసుకున్నాడు, సీల్ పనితో కలిపి. ప్లేటు, లైనింగ్, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, తాడు సీల్, లేత్ కూలి వేరు. అన్నింటికీ షాపు చీటీలు చేతికిచ్చాడు, పాత సామాను సంచిలో కట్టి ఇచ్చాడు. మజూరీకి మాత్రం రసీదు లేదు, సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిన కూడికే. ఇంకొంచెం తగ్గించమని అడగబుద్ధి కాలేదు.

తోటలో ఒక విడత మందు కొట్టాం, ట్రాలీ తోలాం. సగం పెడల్‌కు పంపు నడుస్తూనే ఉంది, గేరు చప్పుడు లేకుండా పడుతోంది, అడుగున కాటర్ పిన్ పొడిగా ఉంది. కొత్త లైనింగ్ సర్దుకునేటప్పుడు ప్లే కొంచెం తగ్గుతుంది కాబట్టి మొదట్లోనే ఒకసారి టేపు పెట్టమన్నాడు. పెట్టాను, తగ్గింది, సరిచేశాను. ఆ తర్వాత ఇంజన్ ఆయిల్ చూసుకున్నప్పుడల్లా పెడల్‌ను బొటనవేలితో నొక్కి చూసుకుంటే చాలు. పెడల్ ఇరుసుకు గ్రీజు పెట్టమన్నాడు కానీ గన్ను పట్టుకుని ఇష్టం వచ్చినట్టు కొట్టొద్దన్నాడు, ఎక్కువైన గ్రీజు లోపల ప్లేట్ల మీదికే పోతుందట. జీతగాడికి ఒక క్లాసు కూడా పీకాడు: తోలేటప్పుడు ఎడమ కాలు పెడల్ మీద కాదు, ఫుట్‌రెస్ట్ మీద ఉండాలి, ఎత్తు మీద బండి ఆపాలంటే బ్రేకు పట్టాలి, హాఫ్ క్లచ్‌లో నిలబెట్టొద్దు. డిపోలో డ్రైవర్లకు నేను చెప్పిన మాటలే. నేను చెప్తే వినని జీతగాడు ఉస్తాద్ చెప్తే విన్నాడు.

వానాకాలం బండిని రేకుల కింద ఊరికే వదిలేసేవాళ్లకు ఇంకో మాట. తేమకు ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అతుక్కుపోతుంది, పెడల్ తొక్కినా వదలదు. అందుకని నిలిపేటప్పుడు పెడల్‌ను కిందికి నొక్కి కర్ర ఆనించి ఉంచుతారు. అప్పటికే అతుక్కుపోయి ఉంటే సుత్తె పట్టుకోకుండా ఉస్తాద్ దగ్గరికి ఫోటో పంపించినా దారి చెప్తాడు.

వెళ్లేవాళ్లు శుక్రవారం వద్దు, మధ్యాహ్నం నమాజుకు షెడ్డు మూస్తే మళ్లీ ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం. ఆదివారం తెరిచే ఉంటుంది. నాట్లకు ముందు, కోతలకు ముందు లైను పొడుగు, ఆ రెండు కాలాలు తప్పించండి. బండి పుస్తకం ఉంటే వెంట తీసుకుపోండి, జిరాక్స్ కాపీ అయినా సరే. లేకపోతే ఆయన దగ్గరున్న చినిగిన పుస్తకాల కట్టలో మీ మోడల్ వెతకడానికే ఒక పూట పోతుంది.